దోమ యన్న పేరొక్కటే చాలునా?

మదనపల్లె సంతలో నొక రైతు టమాటాకు దోమ పట్టినదని చెప్పును. పుంగనూరు చెరువుల క్రింద వరి పండించు రైతు పైరును దోమ పొడిచినదని చెప్పును. కుప్పము వైపున వంగతోట గలవాడును, వేరుసెనగ వేసినవాడును దోమ యనియే మొర పెట్టుకొందురు. మాట యొక్కటే, పురుగులు మాత్ర మొక్కటి కావు. టమాటా యాకు ముడుచుకొనిపోవు తెగులును మోయునది తెల్లదోమ. వరి మొదళ్ల నంటియుండి పైరును సుడులు సుడులుగా నెండించునది సుడిదోమ. వంగ, బెండ, వేరుసెనగ యాకుల యడుగున నుండి రసము పీల్చునది పచ్చదోమ. మామిడిపూతను మాడ్చివేయు తేనెమంచు పురుగు పచ్చదోమకు జ్ఞాతియే యైనను దానిని మన మెన్నడును దోమ యనలేదు. రాత్రివేళ మనలను కుట్టు అసలు దోమకు వీటిలో నేదియు చుట్టము కాదు.

పేరు తప్పినచో మందు తప్పును. మందు తప్పినచో డబ్బు పోవును, కాలము పోవును, పంటయు పోవును. 2025వ సంవత్సరమున తోతాపురి మామిడి ధర పడిపోయి, కిలో 1కి 4 రూపాయల చొప్పున ప్రభుత్వము సాయము చేయవలసి వచ్చిన సంగతి సభ్యు లెవరును మరచియుండరు. అమ్మకపు ధర మన చేతిలో లేదు. పెట్టుబడి కొంతవర కైనను మన చేతిలో నున్నది. అందు మందులకై పెట్టు ఖర్చు కొంచెము కాదు. కావున పురుగు నెరిగి మందు కొట్టుట యను విషయమును గూర్చి యీ మాసమున కొంత విపులముగా వ్రాయ దలచితిమి. పురుగుల వంశక్రమమును తేల్చు నూతనశాస్త్ర మొకటి నేడు వృద్ధి పొందుచున్నది. అది పండితుల వినోదము మాత్రమే కాదనియు, మనవంటి సహకార సంఘములు దానికి చేయూత నిచ్చి దానివలన లాభము పొందవలెననియు మా యభిప్రాయము.

మొదట ఈ పురుగు లెట్టివో చూతము. పచ్చదోమలు, తేనెమంచు పురుగులు, వరిలోని పచ్చదీపపు పురుగులు నొక్క కుటుంబమునకు చెందినవి. ఇవి యాకుపై వాలి, చేయి దగ్గరకు పోగానే ప్రక్కకు జరిగి చటుక్కున నెగురును. వెనుకకాళ్లపై వరుసగా ముండ్లుండుట వీటి గుర్తు. ప్రపంచమున నింతవరకు పేరు పెట్టబడిన జాతులే 20,000కు మించియున్నవి. పేరు పెట్టబడనివి యింకను గలవు.

మన మామిడితోటలలో తేనెమంచు పురుగనునది నిజమునకు ఒక పురుగు కాదు. ముఖ్యముగా మూడు జాతులు గలవు. అన్నిటికంటె పెద్దది అమృటోడస్ ఆట్కిన్సోనై. దాని మూపుపై రెండు మచ్చలుండును. కొంచెము చిన్నది ఇడియోస్కోపస్ నిటిడ్యులస్. దాని మూపుపై మూడు మచ్చలును, రెక్కలపై అడ్డముగా తెల్లని పట్టయు నుండును. అన్నిటికంటె చిన్నది ఇడియోస్కోపస్ క్లైపియాలిస్. దానికి నడినెత్తిని నల్లని చుక్కలుండును. తల్లిపురుగులు పూకాడలలోను లేతయాకులలోను గ్రుడ్లు పొదుగును. పిల్లలును పెద్దవియు రసము పీల్చి తీపిజిగురు విడుచును. ఆ జిగురుపై మసి పట్టి ఆకులు నల్లబడును, పూత మాడి రాలును. పూత లేని కాలమున పెద్ద పురుగులు బెరడు పగుళ్లలో దాగియుండును.

ఈ మూటికిని 1889లో ఫ్రాన్సు దేశీయుడగు లెథియెర్రీ యను శాస్త్రజ్ఞుడు పేర్లు పెట్టెను. కాని అందులో నొకదానిని అంతకు 19 సంవత్సరములకు ముందే, 1870లో, వాకర్ అను ఆంగ్లేయుడు వేరు పేరున వర్ణించియుండెను. లెథియెర్రీ పెట్టిన నీవియోస్పార్సస్, వాకర్ పెట్టిన నిటిడ్యులస్ రెండును ఒక్క పురుగే యని తరువాత తేలినది. మొదట పెట్టిన పేరే చెల్లవలెనను నియమము ననుసరించి నేడు నిటిడ్యులస్ అను పేరు నిలిచినది. వంగ, బెండ, ప్రత్తి పైరులను పాడుచేయు పచ్చదోమ చరిత్రయు నిట్టిదే. తైవాను దీవిలో దొరకిన దానికి 1913లో ఇషిదా అను శాస్త్రజ్ఞుడు బైగట్టుల యని పేరిడెను. మన దేశమున దొరకిన దానికి 1918లో డిస్టాంట్ డివాస్టన్స్ అని పేరిడెను. పూర్వపు భారతీయ వ్యవసాయ గ్రంథములలో ఎంపోయస్కా డివాస్టన్స్ అని కనబడు పురుగును, నేటి పుస్తకములలోని అమ్రాస్కా బైగట్టులయు నొక్కటియే. ఒకే యాసామి రెండు గ్రామముల పద్దులలో రెండు పేర్లతో నున్నచో కరణమున కెంత చిక్కో, శాస్త్రమునకును అంతే చిక్కు.

ఈ చిక్కులను విప్పుటలో మన దేశీయుల కృషి గొప్పది. హేమసింగ్ పృథి యను కీటకశాస్త్రజ్ఞుడు భారతదేశపు పచ్చదోమలను గూర్చి వరుసగా గ్రంథములు ప్రకటించెను. మన వేరుసెనగపై వాలు ఎంపోయస్కా కెర్రికి 1940లో పేరు పెట్టినవా డాయనయే. తరువాత బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమున విరక్తమఠ్ గారు ఈ కుటుంబమును దశాబ్దములపాటు పరిశోధించిరి. కాని వీరి మార్గమున నొక యిబ్బంది గలదు. ఈ పురుగుల జాతిని నిశ్చయించుటకు మగపురుగు పొట్టకొనను విప్పి, అందలి భాగములను సూక్ష్మదర్శినిలో పరీక్షింపవలెను. ఆడుపురుగు చిక్కినను, రెక్కలు రాని పిల్ల చిక్కినను జాతి తేల్చుట మిక్కిలి కష్టము. రైతునకు తోటలో కనబడునవి తరచుగా పిల్లపురుగులే గదా!

ఇచ్చట నూతనశాస్త్రము సాయమునకు వచ్చుచున్నది. ప్రతి ప్రాణి శరీరమును కణములను సూక్ష్మభాగములచే నిర్మితము. కణములో మైటోకాండ్రియా లను అతిసూక్ష్మమైన యంత్రశాల లుండును. తిన్న యాహారమునుండి శక్తిని పుట్టించుట వాటి పని. ఈ యంత్రశాలలకు తమదైన చిన్న జన్యులిపి వేరుగా గలదు. కేవలము నాలుగే యక్షరములతో వ్రాయబడి, గాజువలె గుండ్రముగా చుట్టుకొనియుండు నీ లిపిలో పచ్చదోమల కుటుంబమున సుమారు 15,000 మొదలు 16,000 వరకు నక్షరము లుండును. మనుష్యునిలో 16,569 అక్షరములని 1981లోనే లెక్క తేలినది. పురుగులయందును మనుష్యులయందును ఈ లిపిలోని జన్యువులు సాధారణముగా 37. అందు 13 మాంసకృత్తులను నిర్మించును, తక్కిన 24 ఆ నిర్మాణమునకు తోడ్పడును.

మరియొక విశేషము. మనకు ఇంటిపేరు తండ్రివెంట వచ్చును. ఈ లిపి సాధారణముగా తల్లివెంటనే వచ్చును. తల్లినుండి బిడ్డకు, ఆ బిడ్డ ఆడుదైనచో దాని సంతతికి, ఇట్లు తరతరములుగా ప్రతులు దిగుచుండును. పూర్వము తాళపత్రగ్రంథములకు ప్రతులు వ్రాయునపుడు లేఖకుల చేత నచ్చటచ్చట నొక యక్షరము మారుచుండెడిది. మారిన యక్షరము ఆ ప్రతినుండి పుట్టిన ప్రతు లన్నిటిలోను కనబడును. ఒకే తప్పు రెండు ప్రతులలో నున్నచో, ఆ రెంటికిని మూలప్రతి యొక్కటే యని పండితులు గ్రహింతురు. పురుగుల లిపినిగూడ నిట్లే చదివి, ఏ యక్షరభేదములు వేనిలో కలియుచున్నవో చూచి, ఏది దేనికి దగ్గరి జ్ఞాతియో, ఏ శాఖ ముందు చీలినదో, ఏది వెనుక చీలినదో నిర్ణయింతురు. జాతి గుర్తింపునకు మాత్రము లిపి యంతయు చదువ నక్కరలేదు. కెనడా దేశపు హెబర్ట్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 2003లో ప్రతిపాదించిన ప్రకారము, ఒక జన్యువులోని సుమారు 650 అక్షరముల ముక్క చాలును. పిల్లపురుగైనను, ఆడుపురుగైనను, విరిగిన కాలొక్కటి దొరకినను పేరు పట్టవచ్చును.

తేనెమంచు పురుగుల లిపిని చదువుట దూరదేశములకే విడువబడలేదు. మామిడిపై వాలు ఇడియోస్కోపస్ నిటిడ్యులస్ యొక్క సంపూర్ణ మైటోకాండ్రియా లిపిని 2018లో రాంచీయందలి భారత వ్యవసాయ పరిశోధనామండలి కేంద్రపు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ సంవత్సరముననే చైనా శాస్త్రజ్ఞులును ఈ వర్గపు పురుగుల లిపులను ప్రకటించి, వాటి బంధుత్వములను విచారించిరి.

ఇట్టి పరిశోధనలవలన తెలిసిన సంగతులలో కొన్ని మన కన్నుల యెదుటనే యున్నవి. తుమ్మచెట్ల కొమ్మలపై ముల్లువలె కదలక కూర్చుండు కొమ్ముల పురుగు నెరుగని పసులకాపరి యుండడు. చీమలు దాని చుట్టును తిరుగుచుండును. పూర్వము దానిని పచ్చదోమలకు సమానమైన వేరొక కుటుంబముగా నెంచిరి. జన్యులిపులను పోల్చి చూచిన పిమ్మట, కొమ్ముల పురుగుల వంశము పచ్చదోమల వంశమునుండియే చీలిన కొమ్మయని స్పష్టమగుచున్నది. హార్స్లీ హిల్స్‌పై నున్న నీలగిరిచెట్లు ఆస్ట్రేలియానుండి వచ్చినవని యందరెరుగుదురు. ఆ దేశమున నీలగిరిచెట్లపై బ్రదుకు నొక పచ్చదోమల వర్గము గలదు. మన మామిడిపైనుండు తేనెమంచు పురుగుల వర్గము దానికి చేరువ జ్ఞాతి యని తేలుటచే, లిపిని రూపమును కలిపి పరీక్షించి 2020లో ప్రకటించిన వర్గీకరణమున ఈ రెంటిని ఒక్క యుపకుటుంబముగా నుంచిరి. కొండమీది చెట్టునకును కొండక్రింది తోటకును ఇట్టి సంబంధ మొకటి గలదని మన పెద్దలెవ్వరు నూహించియుండరు.

"అది యే వంశమైన మాకేల? నా పూత పీల్చుచున్నది, అంతే చాలును" అని కొందరు సభ్యులు ప్రశ్నింపవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి సమాధానము చెప్పనిచో పైన వ్రాసినదంతయు వ్యర్థము.

వరిలో పచ్చదీపపు పురుగులు రెండు జాతులు ముఖ్యముగా కనబడును. చూపునకు రెండును ఆకుపచ్చనివే, జ్ఞాతులే. కాని తుంగ్రో తెగులును మిక్కిలి సమర్థముగా మోయునది వాటిలో వైరెసెన్స్ అను జాతి. నైగ్రోపిక్టస్ అను రెండవ జాతికి అంతటి శక్తి లేదు. దీపమువద్ద రాలిన పురుగుల లెక్క మాత్రమే చూచి భయపడుటకును, అందు మొదటి జాతి యెంతయని చూచి జాగ్రత్తపడుటకును భేదము లేదా?

వంగతోట సంగతి చూడుడు. ఆకుల యంచులు పసుపుబారి, పైకి ముడుచుకొని, ఎండినట్లయినచో నది పచ్చదోమ పీల్చుటవలన కలిగినది. ఆకులన్నియు చిన్నవై, గుబురుగా పెరిగి, కాయ పట్టకున్నచో నది వెర్రి తెగులు. దానిని మోయునది హిషిమోనస్ అను వేరొక జాతి పురుగు. మొదటిదానికి తగిన మందు పని చేయును. రెండవది సోకిన మొక్కను పీకి కాల్చుటయే మంచిది. ఆ మొక్క నే మందును బాగుచేయ జాలదు. రెంటికిని దోమ యని పేరిడి, రెంటికిని ఒకే మందు కొట్టిన రైతు రెండవచోట డబ్బును మట్టిలో కలుపుచున్నాడు.

పరదేశముల యనుభవమును వినదగినదే. 2022లో ఐవరీకోస్టు, టోగో, బుర్కినా ఫాసో, మాలి మొదలగు పశ్చిమాఫ్రికా దేశములలో ప్రత్తిపైరు పచ్చదోమచే ఘోరముగా దెబ్బతినినది. అచ్చట పచ్చదోమ క్రొత్త కాదు, వేరొక జాతి పూర్వమునుండియు గలదు. కాని పరీక్షింపగా వచ్చినది మన దేశమున చిరకాలముగా నున్న అమ్రాస్కా బైగట్టుల యని తెలిసినది. అదే పురుగు 2023లో ప్యూర్టోరికో దీవిలోను, 2024లో అమెరికాలోని ఫ్లోరిడాలోను కనబడినది. పాతశత్రువని తలచి పాతమందుతో నెదిరించుటకును, క్రొత్తది వచ్చినదని వెంటనే గుర్తించుటకును నడుమ నొక పంట నష్టపోవును. చైనాలో తేయాకుతోటల పచ్చదోమకును చాలకాలము ఐరోపాఖండపు జాతి పేరు చెల్లినది. అది జపానులో నున్న ఒనుకీ యను జాతియే యని రూపపరీక్షవలన 2015లో స్థిరపడినది. తల్లివెంట వచ్చు జన్యులిపి పరిశీలనలును ఆ నిర్ణయమునకు తోడయినవి. పేరు మారగానే జపాను శాస్త్రజ్ఞులు దానిని గూర్చి సంపాదించిన జ్ఞానమంతయు చైనా రైతునకును పనికివచ్చునదైనది. సరియైన పేరనునది జ్ఞానపు గిడ్డంగికి తాళపుచెవి వంటిది.

ఐనను ఈ శాస్త్రమును గూర్చి యతిశయోక్తులు చెప్ప మేము సిద్ధముగా లేము. ఈ లిపి తల్లివైపు చరిత్రను మాత్రమే చెప్పును. రెండు దగ్గరి జాతులు కలిసి సంకరమైనపుడు తండ్రివైపు సంగతి యిందు కనబడదు. పురుగుల కణములలో తల్లివెంట సంక్రమించు కొన్ని సూక్ష్మజీవులును ఈ సాక్ష్యమును తారుమారు చేయగలవు. బహుప్రాచీనమైన చీలికల విషయమున నొకే యక్షరము వేరువేరు శాఖలలో స్వతంత్రముగా మారి భ్రమ కలిగించును. అందుచే పెద్ద శాఖల క్రమమునుగూర్చి ఒక పద్ధతికి మరియొక పద్ధతికి భేదము కనబడుచున్నది. కావున కణకేంద్రమందలి పెద్ద లిపిని, పురుగు రూపమును కూడ కలిపి చూచుటయే సరియైన మార్గము. మరియు ఏ మందునకు పురుగు లొంగును, ఎంత మోతాదు కావలెను అను ప్రశ్నలకు వంశవృక్షము జవాబు చెప్పదు. అది పొలములోని పరీక్షవలననే తెలియవలెను. పురుగు పేరు తెలిసినంత మాత్రమున పురుగు చావదు. ఎవనిమీద వ్యాజ్యమో తెలియక వకాలతు నిచ్చుట మాత్రము తెలివి కాదు.

ఇక మన కర్తవ్యము. సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నున్న మదనపల్లె మొదలు 1,200 మీటర్లు మించిన హార్స్లీ హిల్స్ వరకు, కొలదిమైళ్లలోనే వేడిమియు వానయు మారును, చెట్టుచేమలు మారును. కుప్పము పొలిమేర దాటినచో నొకవైపు కర్ణాటకము, మరియొకవైపు తమిళనాడు. పురుగునకు పొలిమేరరాళ్లు లేవు. ఇట్టి ప్రాంతమున నే జాతి యెచ్చట, ఏ నెలలో, ఎంత యున్నదో తెలిసికొనుట ఒక్క రైతువలన కాదు, ఒక్క శాస్త్రజ్ఞునివలనను కాదు. పదుగురు కలిసి చేయవలసిన పని గనుక నిది సహకార సంఘపు పనియే.

మా సూచనలు మూడు. మొదటిది: ప్రతి గ్రామమున నిద్దరు ముగ్గురు సభ్యులు మామిడి చిగురించునపుడు నొకసారి, పూతయం దొకసారి, కోత యయిన పిదప నొకసారి కొమ్మ క్రింద తెల్లగుడ్డ పరచి, కొమ్మను తట్టి, రాలిన పురుగులను చిన్న సీసాలో వేయవలెను. సీసాలో గాఢమైన ఆల్కహాలు పోయవలెను. ఫార్మలిన్ పోసినచో లిపి చెడిపోవును. గ్రామము, తేది, చెట్టు రకము, పూతనుండి పట్టినదా, ఆకునుండి పట్టినదా, బెరడునుండి పట్టినదా యను వివరములను పెన్సిలుతో చీటిపై వ్రాసి సీసాలోపలనే వేయవలెను. సిరా యైనచో కరగిపోవును. సీసాను ఎండ తగులని చల్లని చోట నుంచవలెను. వేరుసెనగ, వంగ, వరి పైరులకును ఇట్లే చేయవచ్చును.

రెండవది: ఈ సీసాలను సంఘము ప్రోగుచేసి, బెంగుళూరునందలి జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థతోగాని, మన రాష్ట్రపు వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయములతోగాని ఉత్తరప్రత్యుత్తరములు జరిపి, పరీక్ష చేయించుటకు ప్రయత్నింపవలెను. 1915లో స్థాపితమైన బీసెంటు దివ్యజ్ఞాన కళాశాల మదనపల్లెలోనే యున్నది. జీవశాస్త్రము చదువు విద్యార్థులకు ఇంతకంటె మంచి పాఠ మేమి గలదు? ఫలితములు వచ్చినపుడు అవి బీరువాలో పడియుండక, తెలుగున వ్రాయబడి ప్రతి గ్రామమునకును చేరవలెను. సీసా నిచ్చిన రైతునకు జవాబు రావలెను. జవాబు రానిచో రెండవసారి యెవ్వడును సీసా నీయడు.

మూడవది యందరికిని రుచించునది కాదు. సంఘపు గిడ్డంగిలో పురుగుమందు లమ్ముటవలన సంఘమునకు కొంత యాదాయము గలదు. ఐనను పురుగును చూడక మందు నడిగిన సభ్యునకు "ఏ పురుగు? ఎచ్చట చూచితివి? ఎన్ని యున్నవి?" అని గుమాస్తా మూడు ప్రశ్నలు వేయుట నియమము కావలెను. ఒకే వర్గపు మందును మరల మరల కొట్టుటవలన బలహీనమైనవి చచ్చి, మందును తట్టుకొన్నవి మిగిలి, వాటి సంతతియే తోట నిండును. పూత విచ్చిన వేళ కొట్టిన మందు ఈగలను తేనెటీగలను చంపి కాపును తగ్గించును. గుబురుకొమ్మలను కత్తిరించి గాలియు వెలుతురును సోకనిచ్చుటకు మందుడబ్బా అక్కరలేదు. అమ్మకము కొంత తగ్గినను నష్టము లేదు. సంఘము సభ్యులకొరకే గాని సభ్యులు సంఘపు అమ్మకములకొరకు కాదు.

కోడిపుంజు జాతిని నెమలి, డేగ, కాకి యని రంగుచూచి చెప్పగల నేర్పు మన పల్లెలలో గలదు. ఎద్దు పండ్లు చూచి వయస్సు చెప్పుదుము, సుడి చూచి గుణము చెప్పుదుము. మన కష్టార్జితమును ప్రతియేటను పంచుకొనిపోవు పురుగును మాత్రము దోమ యను నొక్క మాటతో సరిపెట్టుట మనకు తగునా? రానున్న పూతకాలమునకు ముందు జరుగు సర్వసభ్యసమావేశమున ఈ సూచనలను చర్చకు తేవలెనని సభ్యులను కోరుచున్నాము. ఏ గ్రామమువారు సీసాలు పట్టుటకు సిద్ధముగా నున్నారో ఆ గ్రామముల పేర్లను కార్యదర్శికి తెలియజేసినచో, సీసాలను చీటీలను సంఘమే సమకూర్చుట న్యాయమని మేము తలంచుచున్నాము.